నారాయణమ్మ విన్న వీడియో గేమ్

తొంభై ఎనిమిది వేసవిలో నారాయణమ్మకు మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో కంటి శుక్లం తీశారు. రామసముద్రం దగ్గర వాళ్ళ పల్లెలో ఎండాకాలమంతా దుమ్మే. అందుకని కన్ను మానేదాకా పుంగనూరులో కూతురు సింధూజ దగ్గర ఉండిపోయింది. టీవీ మాత్రం చూడొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

సింధూజ టీచరు. వేసవి సెలవుల్లో కూడా స్పెషల్ క్లాసులంటూ పొద్దున్నే వెళ్ళిపోయేది. అల్లుడు కిరణ్ కరెంటాఫీసు నుంచి మధ్యాహ్నం భోజనానికి వచ్చి, కాసేపు టీవీకి వీడియో గేమ్ తగిలించుకుని ఆడుకునేవాడు. పెళ్ళయి రెండేళ్ళయినా అత్తా అల్లుళ్ళ మధ్య "తింటివా", "తింటి"కి మించి మాటల్లేవు.

ఒకరోజు లోపలి గదిలో కళ్ళు మూసుకుని పడుకున్న నారాయణమ్మకు ఏదో వినబడింది. మనిషి గొంతు కాదు. నాదస్వరం కాదు, హార్మోనియం కాదు. సన్నటి మోతలు మూడు, ఒకదాన్నొకటి పట్టుకోబోయి వదిలేస్తున్నాయి. వేరుశనగ చేను మీదుగా వాన మెల్లగా నడిచి వస్తున్నట్టు అనిపించింది. మంచం కిందికి నీళ్ళు వచ్చి తనను ఎత్తుకుపోతున్నట్టు ఒళ్ళు తేలికైంది. అంతలో పాట తెగిపోయింది.

"యాల ఆపేసినావప్పా?" అని కేకేసింది.

"నేను ఆపలేదత్తా, సచ్చిపోయినా!" కిరణ్ నవ్వాడు. "బొమ్మ నీళ్ళలో ఈదుతా ఉంటే సేప కరిసింది. సచ్చిపోతే పాట ఆగిపోతాది."

"అట్లయితే సావకుండా యాడన్నా ఒక మూల నిలబెట్టు. నేను ఇనాల."

చేపలు రాని చోటు వెతికి, బొమ్మను ఒక బండ వెనక నిలిపాడు కిరణ్. పాట మళ్ళీ మొదలై, తిరిగి తిరిగి వచ్చింది. ఇన్నాళ్ళూ ఆడుతున్నా అతను దాన్ని ఎప్పుడూ వినలేదు. గడప దగ్గర కూర్చుని అత్తతో పాటు విన్నాడు. ఆఫీసుకు ఆలస్యమైంది.

తరవాత ప్రతి మధ్యాహ్నం అదే పని అయింది. కన్ను బాగైన రోజు నారాయణమ్మ టీవీ ముందుకొచ్చింది. నీలం రంగు మీద బొటనవేలంత బొమ్మ కాళ్ళాడిస్తోంది.

"ఇంతేనా?" అంది. "నాకు కనపడింది శానా పెద్దది." గోడవైపు తిరిగి కూర్చుని వినసాగింది.

ఆ సాయంత్రం కిరణ్ బీరువా అడుగు నుంచి ఒక క్యాసెట్టు తీశాడు. అందులో ఉన్నవి, ఇంజనీరింగ్ చదివేటప్పుడు స్నేహితుడు శాలేము రాజు హాస్టల్ గదిలో గిటారు వాయిస్తూ, సొంతంగా కట్టి పాడిన ఇంగ్లీషు పాటలు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

నారాయణమ్మ ఒక పాట మొత్తం విని, "ఏమంటాండాడు?" అని అడిగింది.

"ఆఖరు బస్సు ఎల్లిపోయింది, స్టాండులో ఒక్కడే ఉండాడు అంటాండాడు."

"ఆ గొంతు ఇంటేనే తెలస్తాంది. ఈ పిల్లోడు ఇప్పుడు యాడుండాడు?"

"కుప్పంలో. లెక్కల మాస్టరు. పాడేది మానేసినాడు."

"పోయొద్దాం పా."

ఆదివారం వి.కోట మీదుగా బస్సులో వెళ్ళారు. అప్పుడే చర్చి నుంచి వచ్చిన శాలేము రాజు, తన పాట వినాలని ఒక పల్లెటూరి పెద్దామె వచ్చిందంటే కిరణ్ ఆటపట్టిస్తున్నాడనుకున్నాడు. ఆమె చాప మీద సర్దుకుని కూర్చోవడం చూశాక, అటక మీది గిటారు దించి దుమ్ము తుడిచాడు. ఒక తీగ లేదు. ఉన్నవాటితోనే మొదలుపెట్టాడు. సగంలో మాటలు మరిచిపోయి ఆగాడు.

"మాటలు నాకెట్టాగూ తెలీవు కదప్పా. ఊరికే రాగం తియ్యి," అంది నారాయణమ్మ.

అతను కళ్ళు మూసుకున్నాడు. బయట బెంగుళూరు రైలు పోతుంటే ఆ చప్పుడులోంచి రాగం సన్నగా సాగి, రైలు దాటిపోయాక కూడా మిగిలింది. గది కదులుతున్నట్టుగా ఉంది. పాట అయిపోయినా అతను గిటారు కింద పెట్టలేదు.

"ఇంకోటి ఉండాది పెద్దమ్మా," అన్నాడు శాలేము రాజు నెమ్మదిగా. "ఎవురికీ ఇనిపించలేదు."

నారాయణమ్మ గోడకానుకుని కాళ్ళు చాపుకుంది.

"పాడు నాయనా. సాయంత్రం బస్సుకు ఇంకా పొద్దుండాది."