శ్రుతి దించిన గిటారు

తన తండ్రిని చంపినవాడి దగ్గరే ప్లాసిడా గిటారు నేర్చుకోవడానికి చేరింది. కత్తితో చంపలేదు లెండి, అంతకన్నా హీనంగా చంపాడు.

‘గొర్రెపిల్ల గంట’ ఆమె తండ్రి బెనిగ్నో కట్టిన పాట. శిష్యుడు లియాండ్రో ఆ పాటనూ, దానికోసమే బెనిగ్నో తీగల బిగింపు మార్చి కనిపెట్టిన శ్రుతినీ నేర్చుకుని, లిమా వెళ్లి రేడియోలో తన పాటగా వాయించి పేరు కొట్టేశాడు. ఇదేమిట్రా అని అడగబోయిన గురువును కొండల్లోని తమ ఊరు హువామంగ సంతలో నలుగురి ముందూ, "పాపం, ముసలాయనకు మతి చెడింది" అన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. బెనిగ్నో మళ్లీ గిటారు ముట్టలేదు, మూడేళ్లకే పోయాడు. అయితే పాట చివర వేగమందుకుని వచ్చే ఉరుకును ఆయన శిష్యుడికి చెప్పకుండా దాచుకున్నాడు. పోయేముందు దాన్ని కూతురి చేత పాడించుకున్నాడు. ఉరుకు ఆమె గొంతులో ఉంది. శ్రుతి తెలియందే అది తీగల మీదికి రాదు. ఆ శ్రుతి లియాండ్రో దగ్గర ఉంది.

అందుకే నలభై ఆరేళ్ల వయసులో, అమ్ముకునే రొట్టెల బుట్ట ఖాళీ కాగానే, వారానికి రెండు మధ్యాహ్నాలు వాడి గడప తొక్కింది. వాడు ఆమెను గుర్తుపట్టలేదు. గురువింట్లో మొక్కజొన్నలు ఒలిచే పిల్లను ఏనాడైనా తలెత్తి చూస్తేగా!

"ఏమ్మా రొట్టెలమ్మా, ఈ వయసులో గిటారేంటి? మనవల్ని ఆడించుకోక!"

"ఏదో సరదా అండీ మాష్టారూ."

ఆ కొండల్లో గిటారు వాయించేవాళ్లు సొంత శ్రుతిని నగలకన్నా భద్రంగా దాచుకుంటారు. పాట అందరూ వింటారు గానీ, ఏ తీగ ఎంత బిగించారో ఎవరికీ అంతుపట్టదు. వీపు తిప్పి బిగిస్తారు, వాయించడం కాగానే తీగలన్నీ వదులు చేశాకే గిటారు కింద పెడతారు. లియాండ్రో అందులో మరీ ఘనుడు. ఆమెకు నేర్పేది మాత్రం ఊరందరికీ తెలిసిన మామూలు శ్రుతిలోనే.

ప్లాసిడా కావాలనే చెడవాయించింది. ఇంట్లో పొయ్యి చల్లారాక తండ్రి గిటారు మీద శుభ్రంగా పలికే వేళ్లు, వాడి ముందు మాత్రం తడబడేవి. పదకొండు నెలలు అలా తిట్లు తింది.

"అవి వేళ్లా, పిండిముద్దలా?"

"పిండి పిసికే చేతులు కదండీ" అని నవ్వేది.

ఒకరోజు వాడు సంత తిరునాళ్ల కోసం ‘గొర్రెపిల్ల గంట’ సాధన చేస్తుంటే వీధిలోంచి ఎవరో కేకేశారు. తీగలు వదులు చేద్దామని బిరడా మీద చెయ్యి వేసి, ఆమెను చూసి, పకపకా నవ్వాడు.

"నీ దగ్గర దాచేదేముందిలే! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు."

గిటారు కుర్చీలో పెట్టి బయటికి వెళ్లాడు. ప్లాసిడా గోటితో ఆరు తీగల్నీ ఒక్కొక్కటిగా మీటింది. ఆ ఆరు స్వరాలనే గొణుక్కుంటూ, దారిలో ఎవరు పలకరించినా పలకకుండా, ఇల్లు చేరి తండ్రి గిటారు బిగించింది. మొదటిసారి మీటగానే గది నిండా నాన్నే. ఆమె భోరుమంది.

తిరునాళ్లలో లియాండ్రో వాయించాడు. చప్పట్లు మోగాయి. ప్లాసిడా తండ్రి గిటారుతో అరుగెక్కింది.

"మాష్టారూ, నేనూ ఒకటి వాయిస్తాను."

"వినండయ్యా, మా రొట్టెలమ్మ కచేరీ! చెవుల్లో దూది పెట్టుకోండి!" అన్నాడు వాడు. జనం గొల్లుమన్నారు.

ఆమె ‘గొర్రెపిల్ల గంట’ మొదలుపెట్టగానే నవ్వులు ఆగిపోయాయి. చరణాలు దాటి ఉరుకు అందుకునేసరికి, చిచా అనే మొక్కజొన్న కల్లు అమ్మే ముసలమ్మ గరిటె పట్టుకునే లేచి నిలబడింది.

"ఇది బెనిగ్నో ఉరుకురా! ముప్పై ఏళ్లయింది విని! ఇది లేకుండా ఇన్నాళ్లూ ఏం వాయించావయ్యా లియాండ్రో?"

ముసలివాళ్లంతా వాడివైపు తిరిగారు. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నువ్వు... ఎవరి దగ్గర నేర్చావు?"

"పాట మా నాన్నది. శ్రుతీ మా నాన్నదే. మీ దగ్గర నేర్చుకున్నది ఇదిగో, ఇదొక్కటే మాష్టారూ."

వాడికి వీపు తిప్పి, ఆరు బిరడాలూ తాపీగా తిప్పి, తీగలన్నీ వదులు చేసింది. జాలి ఇసుమంతైనా కలగలేదు. ఇటు తిరిగి గిటారు వాడి చేతుల్లో పెట్టింది.

"ఏదీ, శ్రుతి ఎలాగూ మీకు తెలుసుగా, ఇప్పుడు మీరు ఆ ఉరుకు వాయించండి."