దేవరాజన్‌కు తెలియని వాసన

తమిళుల ఐప్పసి నెల వానలు తెరిపి ఇచ్చిన రోజున భువనేశ్వరి కడుపునిండా తిని, ఫోన్ ఆపేసి, మేడమెట్ల మీద కూర్చుని గింజలకు గాట్లు పెడుతుంది. స్వీట్ పీ గింజ మొండిది. పైతోలును నెయిల్ కట్టర్‌తో కాస్త తుంచి, రాత్రంతా నీళ్లలో నానబెడితేగానీ మొలక రాదు. ఊటీ చలిలో పెరిగే ఈ పువ్వు ముదలియార్‌పేట మేడ మీద పూస్తుందంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు వీధి వీధంతా దాన్ని బఠాణీ పేరు మీద పట్టాణిపువ్వు అని పిలుస్తుంది, డిసెంబరులో మార్గళి చలి మొదలవగానే తలెత్తి మేడకేసి చూస్తుంది.

కడుపునిండా తినడానికి కారణం ఉంది. గాటు పెట్టేటప్పుడు మనసులో ఏముంటే పువ్వు ఆ వాసనే వేస్తుంది. రెండో ఏడు ఆమె ఆకలి మీద కూర్చుంది. ఆ ఏడాది తీగలన్నీ కరివేపాకు తాలింపు వాసన కొట్టాయి, పెళ్లివాళ్లు ఒక్కరూ కొనలేదు. మరుసటి ఏడు ఇంటికి సున్నం వేయించాలన్న ఆలోచనలో పడింది. బొకే అందుకున్న పెళ్లికూతురు ఫొటోలన్నిట్లో తుమ్ముతూనే ఉందట.

అందుకే ఈసారి గట్టి జాగ్రత్త తీసుకుంది. పువ్వు అసలు వాసననే తలచుకుంటూ గాట్లు పెట్టింది. అసలు వాసన ఎలా ఉంటుందో ఆమెకు చెప్పినవాడు దేవరాజన్. ఊళ్లోనే సారం అనే పేటలో అతనికి బొకేల కొట్టు ఉంది. నలభై ఎనిమిదేళ్లు వచ్చినా పెళ్లి ఊసెత్తని మనిషి. మొదటి ఏడు ఆమె తెచ్చిన మొదటి గుత్తిని ముక్కుకు ఆనించుకుని, కళ్లు మూసుకుని, “తేనెలో నారింజపూత వేసినట్టుండాది” అన్నాడు. ఆ మాటనూ, ఆ ఉదయాన్నీ తలచుకుంటూ ఆమె నూట ఇరవై గింజలు పూర్తి చేసింది.

పూలు కోసుకుని వారానికి మూడుసార్లు స్కూటీ మీద సారం వెళ్లడం జనవరి నుంచి మార్చి దాకానే. ఎండ ముదిరితే తీగలు మాడిపోతాయి, ఇక అటు వెళ్లే పని ఉండదు. మిగతా తొమ్మిది నెలలు జాకెట్లు కుట్టుకుంటూ గడుపుతుంది. భర్త పోయి పదకొండేళ్లయింది, ఒంటరితనం అలవాటైంది. అయినా ఆ తొమ్మిది నెలలు మాత్రం ఆమెకు ఓ పట్టాన గడవవు.

జనవరి రెండో వారంలో తీగలు విరగబూశాయి. వాసన తేనె కాదు, నారింజపూత కాదు. పాలు పోయడానికొచ్చిన వెట్రివేల్ వానకు తడిసిన పేపరు వాసనన్నాడు. ఎదురింటి మంగళం ఏలకులేసిన టీ అని ఒట్టేసి చెప్పింది. అందరికీ నచ్చింది, ఏమిటో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. భువనేశ్వరి కూడా పొద్దున్నే మేడ మీద నిలబడి గుండెల నిండా పీల్చేది. ఒంట్లో బరువంతా దిగిపోయినట్టుండేది. బాగా తెలిసిన వాసనే, ఎక్కడిదో తట్టేది కాదు.

“నాకు మాత్రం ఏం వాసనా లేదు భువనేశ్వరమ్మా,” అన్నాడు దేవరాజన్, గుత్తిని తిప్పి తిప్పి చూస్తూ. “కొనేవాళ్లంతా బాగుండాదంటారు. మల్లి తెలుస్తాది, సంపెంగ తెలుస్తాది, ఇదొక్కటే తెలీదు. ముక్కు డాక్టరు దగ్గరికి గూడా పోయొచ్చినా.”

“ఏమన్నాడు?”

“కాఫీపొడి చూపించినాడు. వాసనొచ్చింది. ఫీజు తీసుకుని పొమ్మన్నాడు.”

ఆమె దారి పొడుగునా నవ్వుకుంటూ వచ్చింది.

కింది వాటాలో ఉండేది అంబుజం, పోయిన భర్తకు అక్క. గ్యాసు కాస్త కారినా వీధి చివర్నుంచే పసిగట్టగల ముక్కు ఆమెది. ఆ శనివారం మనవడి పుట్టినరోజని బొకే కోసం దేవరాజన్ కొట్టుకు వెళ్లింది. తిరిగొచ్చి, మోకాళ్ల నొప్పులతో రెండేళ్లుగా ఎక్కని మేడమెట్లు ఎక్కింది.

“యాడుండావు భువనా? నీ పువ్వు వాసన యాడిదో కనిపెట్టినా.”

“యాడిది వదినా?”

“ఆ దేవరాజన్ కొట్టుది. తడి పేపర్లు, జనపదారం, ఫ్లాస్కులో ఏలకుల టీ. గడపలో అడుగు పెట్టినానో లేదో, నీ మేడ మీద నిలబడినట్టే ఉండింది. ఎవురి కొట్టు వాసన వాళ్లకి తెలుస్తాదా ఏంది? అందుకే ఆయన ముక్కుకి ఆనలా.”

అంబుజం రెయిలింగ్ పట్టుకుని దిగిపోయింది.

భువనేశ్వరికి తల కొట్టేసినట్టయింది. గాట్లు పెట్టేటప్పుడు పువ్వును తలచుకున్నాననుకుంది. తలచుకున్నది పువ్వును వాసన చూసిన మనిషిని! తన మనసును మేడ మీద ఆరేసి, మూడు వారాలుగా వీధి చేత వాసన చూపించింది. అదీ పోయిన భర్త తోబుట్టువు ముందు. మర్నాటినుంచి పూలు కోయడం మానేసింది. సారం వెళ్లలేదు.

కానీ ఈ తీగకు ఒక గుణం ఉంది. కోసేకొద్దీ పూస్తుంది. కోయకపోతే కాయ పట్టి, తన పని అయిపోయిందనుకుని పూత ఆపేస్తుంది. నాలుగో రోజుకు కింది పూలు వాడి, సన్నటి కాయలు కనిపించాయి. ఇంకో వారం ఇలాగే వదిలేస్తే ఈ ఏడుకు ఇంతే. కొట్టుకు వెళ్లడమూ ఇంతే, బహుశా ఎప్పటికీ. అది తెలిసి కూడా ఆమె కుట్టుమిషను ముందు నుంచి లేవలేదు. లేవాలని ఉంది, భయంగానూ ఉంది.

ఐదో రోజు పొద్దున మేడ మీద కత్తెర చప్పుడైంది. పరుగున వెళ్లి చూస్తే, బోర్లించిన బకెట్టు మీద అంబుజం. కాయలు తెంపి ఒళ్లో వేసుకుంటూ, పూలు కోస్తోంది.

“వదినా, నీ మోకాళ్లు!”

“నా మోకాళ్లని నేను చూసుకుంటా. కాయ పట్టిపోతాంది, కళ్లు కనపడలేదా నీకు?”

“సిగ్గుగా ఉండాది వదినా. మీ తమ్ముడు...”

“నా తమ్ముడు పోయినప్పుడు నీతో గూడా కూసోని ఏడ్చినా. నువ్వు మళ్లా నవ్వాలని ఉండింది, అడిగేదానికి నోరు రాలా.” అంబుజం కత్తెర ఆపింది. “ఒక మాట చెప్పు. పాలాయన్నీ, కూరగాయలాయన్నీ, ఈదిలో అందర్నీ అన్నా అన్నా అంటావే. ఆయన్ని నాలుగేండ్లలో ఒక్కసారన్నా అన్నా అని పిలిచినావా?”

భువనేశ్వరి జ్ఞాపకాల్లో వెతుక్కుంది. పిలవలేదు. ‘ఇదిగోండి’, ‘వస్తానండి’, అంతే.

“పో, ఎండెక్కితే వాడిపోతాయి,” అని అంబుజం పూలు ఆమె చేతిలో పెట్టింది. కళ్లు తుడుచుకుని మళ్లీ తీగలవైపు తిరిగింది.

ఆమెను చూడగానే దేవరాజన్ కొట్టు బయటికే వచ్చేశాడు. “ఒళ్లు బాలేదేమోనని ఒకటే ఆలోచన. ఇంటికొద్దామంటే ఏమని రావాలో తెలీలా.” పూలు అందుకుని, అలవాటుగా ముక్కుకు ఆనించుకుని, దిగులుగా తల అడ్డంగా ఊపాడు. “ఇప్పుడూ లేదు.”

“మీ ముక్కుకి ఏం కాలా,” అంది భువనేశ్వరి. “అది ఈ కొట్టు వాసన. మీ వాసన.”

ఆ పువ్వుకు వాసన ఎలా వస్తుందో ముదలియార్‌పేటకూ తెలుసు, సారానికీ తెలుసు. దేవరాజన్ పూలను కాస్త దూరంగా పట్టుకుని చూశాడు.

“గింజలకి గాట్లు పెట్టింది ఎవురు?”

“నేనే.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. గుత్తిని మరోసారి ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ఎంతో ఆశగా పీల్చాడు.

“అయితే ఇది నాకు ఎప్పటికీ తెలీదా?”

“తెలీదు. ఎట్లుంటాదో నేను చెప్తా ఉంటా.”

అతను లోపలికి వెళ్లి, కుర్చీ తెచ్చి, దుమ్ము తుడిచి ఆమెకు వేశాడు. తను ఎదురుగా అట్టపెట్టె మీద కూర్చున్నాడు.

“చెప్పు,” అన్నాడు.