తోకతెగిన చేప మీద కొత్త చార

చేపల గదిలో తెల్లవారడమంటే కోడలు వచ్చి మీట నొక్కడమే. దీపాలు వెలగగానే, పొద్దు పొడిచిందనుకుని చారల చేపలు తొట్టినిండా తరుముకుని తరుముకుని, కాసేపటికి గుడ్లు విడుస్తాయి. తమ గుడ్లు తామే తినేసే గుణం వాటిది. అందుకని తొట్టి అడుగున గాజు గోళీలు పరిచి ఉంటాయి. గుడ్లు గోళీల సందుల్లోకి జారిపోయి తల్లుల నోటికి అందవు. కోడలు వాటిని సన్నటి గొట్టంతో పైకి లాగి, వడగట్టి, మైక్రోస్కోపు కింద పెట్టుకుని మంచివి ఏరుతుంది.

అదే గదిలో, తొట్టి పక్కన, దిండు వేసిన కుర్చీలో అత్తగారు కూర్చుంటుంది. కోడలి భర్త బస్సు నడుపుతాడు, పగలంతా రోడ్డు మీదే. ఇంట్లో ఒక్కదాన్నే వదిలితే ఆవిడ పొయ్యి వెలిగించి మర్చిపోతోందని కోడలు వెంట తెచ్చుకుంటోంది. ల్యాబుకి పెద్ద అయిన డాక్టరమ్మ అభ్యంతరం చెప్పలేదు. "మేత వేసే చెయ్యి నిదానంగా ఉండాలి. మీ అత్తగారి చెయ్యి అలాంటిది. ఉండనీ" అంది.

అత్తగారు చిటికెడు మేత తీసి రాల్చేటప్పుడు వేలికొసలు నీళ్ళకి తగులుతాయి. అలా తగిలినప్పుడు ఆవిడ మర్చిపోబోతున్నది ఏదో ఒకటి నీళ్ళలోకి జారిపోతుంది. మేతతో పాటు ఏదో ఒక చేప దాన్ని మింగేస్తుంది. మర్నాటికి ఆ చేప ఒంటిమీద ఒక చార ఎక్కువ కనిపిస్తుంది. తర్వాత ఎవరైనా నీళ్ళలో చెయ్యి పెట్టినప్పుడు ఆ చేప వచ్చి ముట్టుకుంటే, అది వాళ్ళకి తెలిసిపోతుంది. చెయ్యి ఆరేదాకా ఉంటుంది, ఆరగానే పోతుంది. చేప దగ్గర మాత్రం భద్రంగా ఉండిపోతుంది.

దీని గురించి ల్యాబులో ఎవరూ పెద్దగా అనుకోరు. ఒకసారి పంపు బాగుచేయడానికి వచ్చిన కరెంటు మేస్త్రీ మోచేతిదాకా తడుపుకుని, "అక్కా, నాకు స్వెట్టరు అల్లడం వచ్చేసింది! చంక దగ్గర కుట్లు ఎలా తగ్గించాలో కూడా తెలుస్తోంది. మా ఆవిడకి ఫోను కలుపు, చెయ్యి ఆరిపోతోంది!" అని గోల చేశాడు. ఆరిపోయాక పంపు బిగించి వెళ్ళిపోయాడు.

అత్తగారు స్వెట్టర్లు అల్లిన కాలం, మామగారు సైకిలు నేర్పిన సాయంత్రం, కొడుకు మొదటిసారి పాకుతూ గడప దాటిన రోజు, అన్నీ ఆ తొట్టిలో ఈదుతున్నాయి.

ఆ ల్యాబులో పని, కొత్త మందులూ రంగులూ నీళ్ళలో కలిస్తే ఎంత విషమో తేల్చడం. ఇన్నాళ్ళూ పద్ధతి ఒక్కటే. పెరిగిన చేపల్ని ఆ నీళ్ళలో వదిలి, ఏ పాళ్ళలో కలిపితే సగం చస్తాయో చూడటం. వేరే గదిలో ఉన్న చేపలన్నీ అలాగే అయిపోయాయి. మిగిలింది ఈ తొట్టి. డాక్టరమ్మ ఆ పద్ధతినే మానిపించాలని పట్టుపట్టి కూర్చుంది. అప్పుడే పెట్టిన గుడ్లు చాలునంటుంది ఆవిడ. గుడ్డు అద్దంలా ఉంటుంది. లోపల పిల్లకి వెన్ను ఏర్పడటం, తోక విడివడటం, గుండె కొట్టుకోవడం అన్నీ బయటికే కనిపిస్తాయి. విషం తగిలితే గుడ్డు విరిగిన పాలలా తెల్లబడుతుంది, లేదా గుండె ఆగుతుంది. నాలుగో రోజుకి పరీక్ష ముగుస్తుంది. అప్పటికి పిల్లకి తిండి తినడమే రాదు, తల్లి మూటకట్టి ఇచ్చిన సొన మీదే బతుకుతూ ఉంటుంది.

"ఇంకా నోరు తెరవనివి కదమ్మా, వాటిలో మీ అత్తగారిది ఏదీ ఉండదు. నువ్వు దిగులు పడకు" అని కూడా అంది డాక్టరమ్మ.

కోడలి దిగులంతా పెద్ద చేపల గురించే. గుడ్ల పద్ధతికి అనుమతి ఇవ్వాల్సిన పరిశీలకుడు ఒక సీసా పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"ఇది పెద్ద చేపల్ని ఏ పాళ్ళలో చంపుతుందో వేరేచోట చూసి వచ్చాను. మీ గుడ్లు కూడా అదే మాట చెబితే పెద్ద చేపల పరీక్ష ఇంతటితో బంద్. చెప్పకపోతే పాత పద్ధతే. పనులు చాలా ఆగి ఉన్నాయి, ఈ తొట్టితోనే మొదలుపెడదాం" అన్నాడు.

కోడలు తొట్టికి అడ్డంగా వచ్చి నిలబడింది. అత్తగారు మాత్రం మేత వేస్తూ, "ఎవరమ్మా ఈయన? భోజనానికి ఉంటాడా?" అంది.

"ఉండడు అత్తయ్యా."

"నువ్వెవరమ్మా? భలే ఓపిక నీకు."

వారం నుంచీ ఇదే వరస. అంతకుముందు ఏది మర్చిపోయినా కోడల్ని మర్చిపోలేదు ఆవిడ. అలా మర్చిపోయిన మర్నాడే తోకతెగిన చేప మీద కొత్త చార ఒకటి తేలింది. అది తన చారేనని కోడలికి తెలిసిపోయింది. వేలు పెట్టి చూసుకునే ధైర్యం రాలేదు. ఇన్నేళ్ళలో అత్తగారు నోరారా ఒక్క మంచి మాట అన్నది లేదు. తిట్టిందీ లేదు. లోపల ఏముందో ఏమో!

పరీక్ష మొదలైంది. గుంటలున్న గాజు పలకల్లో ఒక్కో గుంటలో ఒక్కో గుడ్డు. కొన్ని పలకల్లో సీసా మందు రకరకాల పాళ్ళలో, ఒక పలకలో మాత్రం ఉత్త మంచినీళ్ళు. మంచినీళ్ళలోవి బతికితేనే మిగతా లెక్క చెల్లుతుంది.

మర్నాడు మైక్రోస్కోపులో చూసిన డాక్టరమ్మ తల ఎత్తలేదు. మంచినీళ్ళ పలకలో గుడ్లు తెల్లబడి ఉన్నాయి.

"మంచినీళ్ళలోవే చస్తే ఇంక మీరు విషం సంగతి ఏం చెబుతారండీ?" అన్నాడు పరిశీలకుడు, వెటకారం లేకుండానే. అదే ఎక్కువ బాధపెట్టింది. "కారణం దొరికితే ఇంకోసారి చెయ్యండి. దొరక్కపోతే ఆ తొట్టిలో గట్టి చేపల్ని వేరు చేసి ఉంచండి."

నీళ్ళు చూశారు, బాగున్నాయి. వేడి చూశారు, బాగుంది. గుడ్లు మేలైనవే. ఇంకేం చూడాలో తోచలేదు. సాయంత్రం అవుతుండగా పరిశీలకుడు వాచీ చూసుకున్నాడు. డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది.

కోడలు వల తీసుకుని తొట్టిలో చెయ్యి పెట్టింది. చేపలు చెల్లాచెదురయ్యాయి. తోకతెగింది ఒక్కటే పారిపోలేదు. తిన్నగా వచ్చి ఆమె మణికట్టుని ముట్టుకుంది.

చేతులనిండా నురగ. బాత్రూములోని గులాబీరంగు సబ్బు వాసన. ఎదురుగా గాజు పలకల దొంతర. చేతులు తనవి కావు, ముడతలు పడ్డవి. లోపల అత్తగారి గొంతు తనలో తను గొణుక్కుంటోంది: "పాపం, పొద్దుట్నించీ నిలబడే ఉంది పిల్ల. ఇవైనా కడిగి పెడదాం. సాయం చెయ్యమని అడగదు కదా, అదే దాని జబ్బు. నా కడుపున పుట్టినదైతే ఈపాటికి నా మీద అరిచేది. అరిచినా బాగుండును." పలకలన్నీ తోమి, తువ్వాలుతో తళతళలాడేలా తుడిచి, ఎవరూ చూడకుండా మళ్ళీ అరలో సర్దేసింది. ఆ సంతోషంతోనే వచ్చి మేత వేసింది. వేలు నీళ్ళకి తగిలింది.

కోడలు వల వదిలేసి గావుకేక పెట్టింది. "మేడమ్! సబ్బు! అత్తయ్య పలకలన్నీ సబ్బుతో తోమేసింది! త్వరగా వినండి, చెయ్యి ఆరిపోతోంది!"

ఆ ల్యాబులో పలకల్ని వేడినీళ్ళతో తప్ప దేనితోనూ కడగరు. గాజుకి అంటుకున్న కాస్త సబ్బు కూడా గుడ్డు ప్రాణం తీస్తుంది.

"చేప చెప్పిందా?" అడిగాడు పరిశీలకుడు.

"అవును సార్."

"అయితే నిజమే అయ్యుంటుంది. పలకలు మార్చండి." అని కుర్చీలో మళ్ళీ కూర్చున్నాడు.

ఈసారి కట్ట విప్పని కొత్త పలకలు తీశారు. వేడినీళ్ళతో కడిగింది కోడలే. రెండో రోజు మైక్రోస్కోపు కింద మంచినీళ్ళ పలకలో గుండెలు టకటకా కొట్టుకుంటున్నాయి. మూడో రోజు పిల్లలు గుడ్లు చీల్చుకుని, ఒంటికన్నా పెద్ద కళ్ళతో బయటపడ్డాయి. నాలుగో రోజు పరిశీలకుడు ఒక్కో గుంటా తనే చూశాడు. డాక్టరమ్మ గొంతు సవరించుకుని ఎన్ని పాళ్ళో చెప్పింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అదే" అన్నాడు.

"ఏది అదే?"

"పెద్ద చేపలు చెప్పిందీ ఆ పాళ్ళే. ఇంక వాటి జోలికి పోకండి."

డాక్టరమ్మ చెప్పులు వదిలేసి గది చుట్టూ పరుగెత్తింది. కరెంటు మేస్త్రీ ఎక్కడినుంచో వచ్చి ఈల వేశాడు. కోడలు వలని రెండు ముక్కలుగా విరిచి చెత్తబుట్టలో పడేసి, అత్తగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ చెయ్యి పట్టుకుని తొట్టిలో ముంచింది.

తోకతెగింది వచ్చింది.

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. ఆ తర్వాత ఆమె భుజం మీదుగా బల్ల వైపు చూసింది.

"ఏమే పిల్లా, ఆ పలకలన్నీ అలా పడేశావేం? ఇటు తే, కడిగి పెడతాను."

"వద్దు!" అని గదిలో అందరూ ఒక్కసారే అరిచారు. పరిశీలకుడు కూడా అరిచాడు.

నవ్వులు ఆగాక కోడలికి ఒక సంగతి తట్టింది. తొట్టి నీళ్ళు చెయ్యి ఆరేదాకానే పనిచేస్తాయి. మరి ఆరనివ్వకపోతే?

ఆ మర్నాటి నుంచీ ల్యాబులో పలకలన్నీ అత్తగారే కడుగుతోంది. పొద్దున్నే చేపకి చెయ్యి అందించడం, తడి ఆరకముందే వేడినీళ్ళ బేసిన్ ముందు కూర్చోవడం. గుడ్ల పరీక్ష చూడటానికి ఊరూరి నుంచీ జనం వస్తుంటే పలకలకి కరువే లేదు. బాత్రూము సబ్బు డాక్టరమ్మ తాళం వేసి పెట్టుకుంది.

"సబ్బు లేకుండా ఇదేం కడగడమే? మీ డాక్టరమ్మ మరీ పిసినారి" అని అత్తగారు సాయంత్రం దాకా కోడలితో గొణుగుతూనే ఉంటుంది. కోడలిప్పుడు ఊరుకోవడం లేదు.

"గొణిగింది చాల్లే అత్తయ్యా, మూలలు సరిగ్గా కడుగు!" అని గట్టిగా అరుస్తోంది.