బుగ్గలో దాచిన ఫోర్తూనా

నా మాటల్లో సగం కోతలేనని అరెలాటె రేవంతటికీ తెలుసు. ఈ ఒక్కటి మాత్రం కోతయి ఉంటే ఎంత బాగుండేదో.

నేను ఓడలు కట్టే వడ్రంగిని. తెరచాప స్తంభం నిలబెట్టే ముందు దాని అడుగున తొలిచిన గుంటలో ఒక నాణెం పెట్టడం మా ఆచారం. చక్రవర్తి తల కిందికి, దేవత పైకి. సెకుండినస్ తన కొత్త ఓడకి ఏకంగా బంగారు నాణెమే ఇచ్చాడు. దాని మీద అదృష్ట దేవత ఫోర్తూనా తల్లి ఒక చేత చుక్కాని, ఇంకో చేత పండ్లు పొర్లే కొమ్ము పట్టుకుని నిలబడి ఉంది. నేను దాన్ని బుగ్గలో దాచి, అదే తల్లి ఉన్న రాగి నాణెం గుంటలో పడేశాను. లోహం ఏదైతేనేం, దేవత దేవతే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. స్తంభం దిగింది. ఇక తీసి మార్చడానికి లేదు.

సెకుండినస్ భార్య తెర్తుల్లాకి నీళ్లంటే హడలు. మర్నాడు రేవుకి వచ్చి అడిగింది.

"మేస్త్రీ, తల్లిని సరిగ్గా పెట్టావా?"

"పెట్టడమేమిటమ్మా, నన్ను చూసి కన్ను కూడా గీటింది."

"నీ మొహానికా?"

"దేవతలకి చూపు కాస్త మందం తల్లీ."

ఆమె నవ్వేసింది. "అయితే ఈసారి నేనూ ఎక్కుతా."

నా కోత నమ్మి ఎక్కుతోందామె. దారిలో మరమ్మతులకి పనికొస్తానని చెప్పి, బంగారాన్ని మళ్లీ బుగ్గలో పెట్టుకుని నేనూ ఎక్కాను. తల్లి ఎక్కడో ఒకచోట ఓడలోనే ఉంటుంది కదా అనుకున్నాను.

మూడో రోజు పొద్దున గాలి తిరగబడింది. ఏనుగులంత అలలు. సరే, ఎద్దులంత అనుకోండి. తెర్తుల్లా స్తంభాన్ని కావలించుకుని, కాపాడు తల్లీ అని నేను పడేసిన రాగిబిళ్లని వేడుకుంటోంది. వినలేకపోయాను. నాణెం ఆమె అరచేతిలో ఉమ్మి, చేసింది చెప్పాను.

ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. "అయితే ఇన్నాళ్లూ తల్లి నీ ఎంగిలిలో కూర్చుందన్నమాట."

"మీ ఆయనతో కూడా చెప్పేస్తాను."

"నోర్ముయ్. ఆయన చుక్కాని పట్టుకుని ఉన్నాడు. ఇది వింటే ఇక ఏ ప్రయాణంలోనూ ఆ చేతులు నిలబడవు. ఎప్పటికీ చెప్పకు."

నాణేన్ని స్తంభం మొదట్లో ఆనించి, నా చేయి లాగి దాని మీద పెట్టి నొక్కింది. గాలి తగ్గేదాకా కక్కుకుంటూనే అక్కడ కూర్చున్నాను.

ఓస్తియా రేవులో క్షేమంగా దిగాక సెకుండినస్ అందరి ముందూ నా రెండు చేతులూ ముద్దుపెట్టుకున్నాడు. "ఈ చేతులు పెట్టిన తల్లే మమ్మల్ని గట్టెక్కించింది" అన్నాడు.

తెర్తుల్లా సముద్రంకేసి చూస్తూ నిలబడింది. నేను అవునన్నట్టు తల ఊపాను.