మైల తుడుచుకున్న వైఫై పెట్టె

నేను ఒక వైఫై పెట్టెను. మీ ఇంట్లోనూ మా చుట్టం ఒకటి ఉండే ఉంటుంది. నెట్ ఆగినప్పుడు తప్ప దాని ముఖం చూడరని నాకు తెలుసు. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో ఊళ్ళు దాటి, భీమిలిలో నూకరత్నమ్మ మేడమీది గది గోడకెక్కాను. సముద్రం చూడవచ్చేవాళ్ళకు ఆవిడ ఆ గది రోజువారీ అద్దెకిస్తుంది. అదే ఆవిడ బతుకుతెరువు.

నూకరత్నమ్మకు శుభ్రం పిచ్చి. అతిథి గడప దాటగానే గదంతా పసుపునీళ్ళతో కడిగేది. తర్వాత నా వంతు. వెనకున్న కన్నంలో పిన్నీసు గుచ్చి నొక్కితే పెట్టె కొత్తదవుతుందని కనెక్షన్ పెట్టిన మనిషి ఎప్పుడో చెప్పాడట. ఇంకేం, ఎంగిలి కంచం తోమినట్టు నన్నూ తోమేది. ఎవరెవరు నెట్ వాడారో ఆ లెక్కంతా ఒక్క పోటుతో చెరిగిపోయేది.

ఒకసారి ఇస్త్రీ చొక్కావాడొకడు దిగాడు. వస్తూనే "అత్తా" అన్నాడు. ఆవిడ కరిగిపోయి చేపల పులుసు పోసింది. వాడు ఆ పులుసు జుర్రుకుంటూ, నా మీదుగా ఉద్యోగాలిప్పిస్తామని దొంగ ప్రకటనలు పంపి, పాపం ఎందరో నిరుద్యోగుల డబ్బు గుంజాడు. నోరు లేనిదాన్ని, దీపాలు మినుకుమనిపించడం తప్ప ఏం చేయను? వాడు వెళ్ళాడు. పసుపునీళ్ళు, పిన్నీసు మామూలే.

కొన్నాళ్ళకు ఎస్సైగారు, ఒక కానిస్టేబులు వచ్చారు. ఎస్సై ఆడమనిషే గానీ మాట కటువు.

"కనెక్షన్ మీ పేరు మీద ఉంది. జవాబు మీరే చెప్పాలి. మీ గదిలోంచి ఉద్యోగాల మోసం చేసినవాడి ఆధార్ కార్డేది?"

"అత్తా అన్నాడమ్మా. కార్డు అడగడానికి నోరు రానేదు."

నన్ను విప్పి చూశారు. లోపల ఖాళీ.

"ఇదంతా ఎవరు తుడిపేశారు?"

"నానే!" అంది నూకరత్నమ్మ గర్వంగా. "పిన్నీసెట్టి తుడిసేసినాను."

సాక్ష్యం మాయం చేశారా అంటూ ఎస్సై లేచి నిలబడింది, స్టేషన్‌కు పదమంది. నూకరత్నమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా గుండె, అంటూ ఉంటే, ఆగిపోయేది. సరిగ్గా అప్పుడే కానిస్టేబులు అలవాటు కొద్దీ ఫోను తీసి, "నెట్ పాస్‌వర్డ్ ఏటమ్మా?" అన్నాడు.

భయంలోనూ మర్యాద మరవలేదావిడ. కళ్ళు తుడుచుకుంటూనే అక్షరం అక్షరం చెప్పి, "మీ ఇల్లే అనుకో నాయినా" అంది.

ఎస్సై తల పట్టుకుంది. "అడిగినవాళ్ళందరికీ ఇలాగే ఇస్తారా?"

"దాహమంటే మంచినీళ్ళియ్యమా తల్లీ?"

ఈవిడ నేరస్థురాలెలా అవుతుంది! ఎస్సై నవ్వాపుకోలేక, ఆవిడను సాక్షిగా రాసుకుని నన్ను మాత్రం పట్టుకుపోయింది.

ఇప్పుడు స్టేషన్ బీరువాలో, లక్కముద్ర సంచిలో ఉన్నాను. పిన్నీసు పోటు లేదు, పసుపు వాసనా లేదు. నిజం చెప్పాలంటే బెంగగానే ఉంది. మొన్న కానిస్టేబులు పెళ్ళాంపిల్లలతో అదే మేడగదికి వెళ్ళొచ్చి ఎస్సైకి చెబుతుంటే విన్నాను.

"తెలిసిన మనిషే కదాని 'అత్తా' అన్నానండీ. గుమ్మంలోనే ఆపీసింది. 'ముందు ఆధార్ కార్డు, తరవాతే సుట్టరికం' అందండీ."

"మరి పులుసు?"

"కార్డు సూపించాకే పోసిందండీ."