‘పో’ అనడం రాని మనిషి

“ఉండు.”

తెర మీద కుక్క ఆగింది. ఎత్తిన ముందుకాలిని మెల్లగా నేల మీద పెట్టి, చెవులు నిక్కించి, పక్కనున్న పోలీసాయన ముఖంలోకి చూసింది. ఆడేవాళ్ళు మైకులో ఏమంటే అది పోలీసాయన అన్నట్టే; కుక్క ఆ మాట వినాలి. ఈ పోలీసాయనా కుక్కా వీడియో ఆటలు ఇప్పటికి ఆరు బజారులోకి వచ్చాయి. కుక్కకు మాట వినబడుతోందో లేదో మైకు ముందు నిలబడి రోజంతా చెప్పి చూడటం ఆమె ఉద్యోగం. ఉండు, రా, వెతుకు, వదులు. జలుబు గొంతుతో ఒకసారి, నిద్రగొంతుతో ఒకసారి, అరిచి ఒకసారి, గొణిగి ఒకసారి.

గది చాలా చిన్నది. గోడలనిండా నల్లటి స్పాంజి, కిటికీ లేదు. తలుపు మూస్తే తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తుంది. చుట్టాలెవరైనా మీ చెల్లెలేం చేస్తుందని అడిగితే, “కుక్కతో కబుర్లు చెబుతుంది” అనేవాడు అన్నయ్య. అందరూ నవ్వేవారు. వాళ్ళతోపాటు ఆమె కూడా నవ్వేది, అదేం ఖర్మో!

ఏడో ఆటతో కథ అయిపోతుంది. పోలీసాయన ఉద్యోగం మానేసి, కుక్కను కొత్త అధికారిణికి అప్పగిస్తాడు. ఆ అధికారిణి గేటు అవతల నిలబడి ఉంటుంది. ఆడేవాళ్ళు “పో” అనాలి, కుక్క గేటు దాటాలి. అది దాటితేనే ఆట ముగుస్తుంది.

“పో,” అంది.

కుక్క నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగొచ్చి, పోలీసాయన బూట్ల పక్కన కూలబడింది. పొద్దుటినుంచీ ఇదే వరస.

అద్దం అవతల కూర్చున్న ప్రోగ్రామరుకు ఏడో నెల. పొట్ట మీద బిస్కెట్ల పొట్లం పెట్టుకుని తింటోంది. హెడ్‌ఫోన్లు తీసి నవ్వింది.

“అక్కా, మీరు ‘పో’ అనట్లేదు. ‘పోనీ’ అంటున్నారు.”

“పో అనే అన్నానమ్మా.”

“కింద అక్షరాలు చూడండి. చివర్లో ఒక నిట్టూర్పు తగిలిస్తున్నారు. ‘పోనీలే, ఉండిపో’ అన్నారనుకుంటోంది పాపం అది.”

తెర అడుగున నిజంగానే ‘పోనీ’ అని పడింది.

“మీలా మెత్తగా మాట్లాడేవాళ్ళూ ఆడతారు కదా, ఆ తంటా నేను పడతాలెండి. ముందు ఒక్కసారి శుభ్రంగా అనండి, తేడా ఏమిటో చూస్తాను. ఎవరి మీదైనా కోపం తెచ్చుకోండక్కా.”

ఎవరి మీదని తెచ్చుకుంటుంది? అన్నయ్య దుర్మార్గుడేం కాదు. భర్త పోయినప్పుడు స్వయంగా వెళ్ళి తీసుకొచ్చి, ముందుగదిలో ఆమెకు పరుపు వేసినవాడు అతనే. ఆ పరుపు ఇప్పటికీ అక్కడే ఉంది. ఇంట్లోవాళ్ళు టీవీ కట్టేసి లేస్తేనే ఆమెకు పడక. నలభై దాటి జుట్టు నెరిసినా ఆ ఇంట్లో ఆమె చిన్నియే. చిన్నీ, చొక్కా. చిన్నీ, మంచినీళ్ళు. వేరే గది చూసుకుంటానని నోరు తెరిచినప్పుడల్లా అతను “ఉండు” అన్నాడు. ఇంటికి సున్నాలు అవనీ, ఉండు. మీ వదిన ఆపరేషను అవనీ, ఉండు. ఆమె ప్రతిసారీ పోనీలే అనుకుంది. అనుకుని అనుకుని నాలుక ఆ మాటకే అలవాటు పడింది.

ఈసారి మాత్రం గది దొరికింది. మేడ మీద, తలుపుకు లోపలివైపు గడియ ఉన్న గది. ఆ గడియను రెండుసార్లు వేసి తీసి చూసింది కూడా. సాయంత్రంలోగా వచ్చి తాళం తీసుకోకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానంది ఇంటావిడ. పొద్దున అన్నయ్య గడ్డం గీసుకుంటుంటే ధైర్యం చేసి చెప్పింది. అతను అద్దంలోంచి చూడను కూడా లేదు.

“ఉండవే. చిన్నదాని పరీక్షలు కానీ.”

మధ్యాహ్నం టీకి బయటికొస్తే ఫోను మోగింది. అన్నయ్య.

“చిన్నీ, నువ్వు ఎత్తట్లేదని ఆ గది ఆవిడ ఇంటికి చేసింది. అక్కర్లేదని చెప్పేశాను. నీకెందుకొచ్చిన గోల, హాయిగా ఉండక.”

“చెప్పేశావా?”

“ఆ. వచ్చి నా చొక్కాలు ఇస్త్రీ చెయ్యి, రేపు మీటింగుంది.”

అతను పెట్టేశాడు. ఒళ్ళు మండిపోయింది ఆమెకు. చెవుల దాకా వేడెక్కింది. వెంటనే ఇంటావిడకు ఫోను చేసింది.

“ఇచ్చేశారా అండీ?”

“ఇంకా లేదమ్మా. మీవాళ్ళు వద్దన్నారుగా?”

“వద్దన్నది వాళ్ళు, నేను కాదు. దీపాలు పెట్టే వేళకు వస్తాను.”

టీ తాగకుండానే లోపలికి వెళ్ళి, తలుపు మూసి, మైకు ముందు నిలబడింది.

“పో.”

పొట్టి మాట. దాని వెనక ఊపిరి కూడా మిగల్లేదు. కుక్క లేచి, పరుగెత్తి, గేటు దాటి, అవతలి మనిషిని చేరింది.

“అబ్బ! అదీ మాటంటే!” ప్రోగ్రామరు బిస్కెట్లు పక్కన పడేసి చప్పట్లు కొట్టింది.

“అది మళ్ళీ వెనక్కి రాదా?”

“రాదక్కా. రాకూడదనేగా పొద్దుటినుంచి ఇంత తంటా.”

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో టీవీ మోగుతోంది. చొక్కాలు బల్ల మీద కుప్పగా ఉన్నాయి. అలవాటు కొద్దీ ఇస్త్రీకి కూర్చుంది. రెండు చొక్కాలు అయ్యాయి. మూడోదాన్ని సగం చేశాక ఏమనుకుందో, స్విచ్చి కట్టేసి లేచి, తన చీరలు నాలుగూ సంచిలో సర్దుకుంది.

“అన్నయ్యా, వెళ్తున్నాను.”

వీధిచివర కొట్టుకు వెళ్ళినా సరే, ఇన్నేళ్ళూ ఆమె వెళ్ళొస్తాననే అనేది. వంటింటి గుమ్మంలోకి వచ్చిన వదిన తడిచేతులతో అలాగే ఆగిపోయింది.

“వెళ్ళొస్తాననవే చిన్నీ, అదేం మాట?”

“లేదు వదినా. వెళ్తున్నాను.”

వదిన సంచి వంక చూసింది, మొగుడి వంక చూసింది. అడ్డంగా ఉన్న కుర్చీని దారిలోంచి పక్కకు జరిపింది.

అన్నయ్య టీవీ మీంచి చూపు తిప్పలేదు. “ఆ, ఆ. వచ్చేటప్పుడు రిమోటుకి బ్యాటరీలు పట్రా.”

తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

బల్ల మీద ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగానే ఉంది. దాని పక్కన మూడో చొక్కా, ఒక చెయ్యి నున్నగా, రెండోది ముడతలు ముడతలుగా.