వదిలేశాడు అన్న మాట

నేనొక ఇంగ్లీషు టైపు మిషన్ని. తెలుగు అక్షరం ఒక్కటి కూడా నా దగ్గర లేదు. అయినా నా బతుకంతా తెలుగువాళ్ల కష్టాలు కాగితమ్మీద కొట్టడంతోనే గడిచిపోయింది.

కలకత్తాలో నన్ను బిగించి, చెక్కపెట్టెలో గడ్డి కుక్కి రైలెక్కించారు. మొదట ఒక తాలూకా ఆఫీసులో ఉన్నాను. శిస్తు నోటీసులు, బదిలీ ఉత్తర్వులు కొట్టేవాళ్లు. అక్కడ మాటల కోసం ఎవరూ వెతుక్కునేవాళ్లు కారు. పాత కాగితంలో ఏముంటే కొత్త కాగితంలోనూ అదే. తర్వాత ఊళ్లో సెషన్స్ కోర్టు పెట్టినప్పుడు నన్ను అక్కడికి మార్చారు. కోటిలింగం అనే టైపిస్టు చేతికి వచ్చాను. బక్కపలచని మనిషి. కొట్టేటప్పుడు పెదవులు కదిలేవి గాని మాట బయటికి వచ్చేది కాదు.

కోర్టులో నా పని విచిత్రంగా ఉండేది. సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెబుతాడు. జడ్జిగారు విని, ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి పైకి చెబుతారు. కోటిలింగం నా మీద కొడతాడు. ఏడుస్తూ చెప్పినా, తడబడుతూ చెప్పినా నాలోంచి ఒకే తీరు అక్షరాలు వచ్చేవి. మనుషులు దాన్నే వాంగ్మూలం అంటారు.

ఇందుమతిగారు జడ్జిగా వచ్చిన ఏడాది వేసవిలో బావి కేసు విచారణకు వచ్చింది. మాలకొండయ్య, చెంచయ్య అన్నదమ్ములు. ఇద్దరికీ కలిపి ఒకటే బావి. నీళ్ల వంతుల దగ్గర మాటా మాటా పెరిగి కొంతకాలం పలకరింపులు కూడా లేవు. బావి ఎండిపోయాక మాత్రం కలిసి పూడిక తీయక తప్పలేదు. అన్న లోపలికి దిగాడు. తమ్ముడు పైన తాడు పట్టుకున్నాడు. అన్నను పైకి లాగుతుండగా గిలక విరిగింది. మాలకొండయ్య అడుగున రాళ్ల మీద పడి చనిపోయాడు. తమ్ముడు కావాలనే చంపాడని కేసు పెట్టారు. చూసిన మనిషి ఒక్కతే, మాలకొండయ్య భార్య రవణమ్మ. కాస్త దూరంలో బురద పారబోస్తోంది.

ఆమె బోనెక్కింది. వెనక బెంచీలో ఆమె అన్న బంగారయ్య కూర్చున్నాడు. ఏం జరిగిందని ప్రభుత్వ వకీలు అడిగితే ఆమె ఒక్క ముక్కలో చెప్పింది.

“మా మరిది తాడొదిలేశాడమ్మా.”

ఇందుమతిగారు అలవాటుగా చెప్పుకుపోయారు. నా మీద ‘రిలీజ్డ్’ అని పడింది. పడ్డాక ఆమె ఆగిపోయారు. ఆ మాట తెలిసి, కావాలని చేసే పనికి వాడేది. పట్టుకోగలిగినవాడు పట్టు సడలించడం అది. దాన్ని బట్టి చెంచయ్య జీవితాంతం జైల్లో ఉండవచ్చు. తాడు జారిందని అర్థం వచ్చే మాట ఇంకొకటుంది. అది రాస్తే అతను ఈ సాయంత్రమే ఇంటికి పోవచ్చు. రవణమ్మ అన్నది మాత్రం ఆ రెండూ కాదు, వదిలేశాడు అని.

కోటిలింగం వేళ్లు నా బొత్తాల మీద అలాగే ఉన్నాయి.

“అమ్మా,” అన్నారు ఇందుమతిగారు, “నువ్వు అన్న మాటకి ఇంగ్లీషులో చాలా మాటలున్నాయి. ఒకటి రాస్తే కావాలని వదిలినట్టు. ఇంకొకటి రాస్తే చేతిలోంచి జారినట్టు. నీ మాట నేను మార్చకూడదు. నువ్వు కళ్లతో చూసింది చెప్పు.”

సాక్షికి జవాబు అందించినట్టవుతుందని ప్రభుత్వ వకీలు లేచి అడ్డు చెప్పాడు. ఆ అభ్యంతరం కూడా రాయించి, జడ్జిగారు మళ్లీ రవణమ్మ వైపు తిరిగారు.

రవణమ్మ వెనక్కి తిరిగి బంగారయ్యను చూసింది. అతను రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాడు. ఏం చెప్పాలో ఇంటి దగ్గర ఎన్నిసార్లు నూరిపోశాడో నాకు తెలియదు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

“జారలేదమ్మా. గిలక ఇరగ్గానే బరువంతా మా మరిది చేతుల మీద పడింది. తాడు ఆయన్ని బావి గట్టుదాకా ఈడ్చుకుపోయింది. అరిచేతుల్లో తోలూడిపోయింది. కాలు గట్టు మీదకొచ్చాక ఒదిలేశాడు. ఒదలకపోతే ఆయన గూడా పొయ్యేవోడు.”

ఇందుమతిగారు చెంచయ్యను చేతులు చూపించమన్నారు. అతను చాపాడు. రెండు అరిచేతుల్లోనూ అడ్డంగా, మెరుస్తున్న మచ్చలు. అతను తల దించుకునే ఉన్నాడు.

కొట్టిన మాట మీద వరసగా ఎక్స్‌లు కొట్టించి, ఇందుమతిగారు దాని పక్కన సంతకం పెట్టారు. తర్వాత ఒక్కొక్క మాటా తూచి చెప్పారు. ఎందుకన్నది చెప్పకుండా, వదిలేశాడు అని మాత్రమే అర్థమిచ్చే ‘లెట్ గో’ అని పడింది. దాన్నే మళ్లీ తెలుగులో చదివి వినిపిస్తే, రవణమ్మ “అంతేనమ్మా” అని నిశాని వేసింది. బంగారయ్య అప్పటికే లేచి బయటికి వెళ్లిపోయాడు.

చెంచయ్య మీద కేసు కొట్టేశారు. తీర్పు రోజున వరండాలో అతను వదిన కాళ్ల మీద పడబోతే ఆమె వెనక్కి జరిగిందని కోటిలింగం మర్నాడు జవానుతో చెబుతుంటే విన్నాను.

“నువ్వు బతికి ఆయన పోయినందుకు నాకు కోపం లేదని చెప్పలేను చెంచయ్యా,” అందట. “ఆ కోపం పోద్దో లేదో కూడా తెలీదు. పిల్లకాయలు చిన్నాయనేడని అడుగుతా ఉండారు. పద, బస్సెళ్లిపోద్ది.”

ఇందుమతిగారికి బదిలీ అయింది. కోటిలింగం రిటైరయ్యాడు. కంప్యూటర్లు వచ్చాక నన్ను రికార్డు గది వెనక వసారాలో, విరిగిన కుర్చీల మధ్య పెట్టారు. ఇనుప సామాన్ల వేలానికి నా మీద సుద్దతో ఒక అంకె వేసి పోయారు.

ఆ ‘లెట్ గో’ అన్న మాట సరైనదేనా అని ఇక్కడ కూర్చుని అనుకుంటూ ఉంటాను. గట్టు మీద కాలు పెట్టిన ఆ క్షణాన చెంచయ్య లోపల ఏముందో రవణమ్మకు తెలియదు, జడ్జిగారికీ తెలియదు. ఆ కాస్త చోటునూ ఖాళీగా ఉంచే మాట కోసం ఒక మనిషి కోర్టంతా ఆపి వెతకడం నేను చూశాను. నా ఇనుము కరిగి ఇంకేదైనా అయ్యేదాకా నాకది చాలు.